‘కొన్ని చోట్ల’ వాన అంటే ఎన్ని చోట్ల? ‘ఫ్యూ’, ‘ఎ ఫ్యూ’ మధ్య తేడా ఒక్క అక్షరమే.. అర్థం మాత్రం తలకిందులు

ఇందుకూరుపేట: అక్టోబరు వచ్చిందంటే నెల్లూరు తీరంలో అందరి దృష్టీ ఆకాశం వైపే మళ్లుతుంది. ఈశాన్య రుతుపవనాల కాలమైన అక్టోబరు, నవంబరు, డిసెంబరు నెలల్లోనే ఈ ప్రాంతానికి ఏడాది వర్షంలో అధిక భాగం కురుస్తుంది. నారుమడి పోసుకున్న రైతు, చెరువులో రొయ్య పిల్లను వదిలిన ఆక్వా రైతు, మైపాడు తీరంలో పడవ కట్టుకున్న మత్స్యకారుడు.. ముగ్గురూ ఎదురుచూసేది వాతావరణ శాఖ ప్రకటన కోసమే. ఆ ప్రకటన ఇంగ్లిష్‌లో వెలువడినప్పుడు అందులో ‘ఎట్ ఎ ఫ్యూ ప్లేసెస్’ అనే మాట తరచూ కనిపిస్తుంది. తెలుగులో దానిని ‘కొన్ని చోట్ల’ అంటారు. ఇందులోని ‘ఎ’ అనే ఒక్క అక్షరాన్ని తీసివేస్తే అర్థం పూర్తిగా మారిపోతుంది. ‘ఫ్యూ ప్లేసెస్’ అంటే ‘వాన పడే చోట్లు బహు తక్కువ’ అని, ‘ఎ ఫ్యూ ప్లేసెస్’ అంటే ‘కొన్ని చోట్ల వాన పడుతుంది’ అని అర్థం.

పదో తరగతి విద్యార్థి మొదలు పోటీ పరీక్షలకు సిద్ధమయ్యే పట్టభద్రుని వరకు ఎక్కువ మంది తడబడే అంశాలలో ఇది ఒకటి. ఖాళీలు పూరించే ప్రశ్నలోనో, వాక్యంలో తప్పును గుర్తించే ప్రశ్నలోనో ఇది ఎదురవుతుంది. అయితే దీని అవసరం పరీక్ష హాలుతో ముగిసిపోదు. వరద నష్టం నివేదిక, మందు సీసా మీది సూచన, రొయ్యల మేత బస్తా మీది వివరం, వాతావరణ హెచ్చరిక.. వీటన్నిటిలో ఈ చిన్న మాటలే అర్థాన్ని నిర్ణయిస్తాయి.

అసలు తేడా ఏమిటి?

‘ఫ్యూ’, ‘ఎ ఫ్యూ’ రెండూ తక్కువ సంఖ్యనే సూచిస్తాయి. సంఖ్య ఒకటే కావచ్చు. చెప్పేవారి దృష్టిలో మాత్రం తేడా ఉంటుంది. ఉదాహరణకు ఒక గ్రామంలో ఐదు బోరింగులు పనిచేస్తున్నాయనుకుందాం. ‘ఎ ఫ్యూ బోర్‌వెల్స్ ఆర్ వర్కింగ్’ అని రాస్తే ‘కొన్ని బోర్లు పనిచేస్తున్నాయి, ఫర్వాలేదు’ అనే భావం కలుగుతుంది. అదే ఐదింటి గురించి ‘ఫ్యూ బోర్‌వెల్స్ ఆర్ వర్కింగ్’ అని రాస్తే ‘పనిచేసేవి లేవన్నంత తక్కువ, పరిస్థితి బాగాలేదు’ అనే భావం కలుగుతుంది. మొదటిది ఉన్నదానిని చూపుతుంది. రెండవది లేనిదానిని చూపుతుంది.

‘లిటిల్’, ‘ఎ లిటిల్’ జంటకూ ఇదే సూత్రం వర్తిస్తుంది. ‘దేరీజ్ ఎ లిటిల్ వాటర్ ఇన్ ద కెనాల్’ అంటే కాలువలో కొద్దిగా నీరుంది అని అర్థం. ‘దేరీజ్ లిటిల్ వాటర్ ఇన్ ద కెనాల్’ అంటే కాలువలో నీరు దాదాపు లేదు అని అర్థం. మొదటి వాక్యం చదివిన రైతు ఒక తడికి నీరందుతుందని ఆశపడతాడు. రెండవ వాక్యం చదివిన రైతు ఇంజను వెతుక్కుంటాడు.

‘ఫ్యూ’ జంటను లెక్కించదగిన వాటికి, ‘లిటిల్’ జంటను కొలవదగిన వాటికి వాడాలి. ఈ రెండవ నియమం దగ్గరే తెలుగువారికి ప్రత్యేకమైన చిక్కు వస్తుంది. దానిని ముందు చూద్దాం.

ఇంగ్లిష్ ‘ఎ’, తెలుగు ‘ఏ’

తెలుగులో ఈ తేడా లేదనుకోవడం పొరబాటు. మనం రోజూ పాటిస్తున్నదే. ‘సభకు కొందరు వచ్చారు’ అనడానికి, ‘సభకు కొందరే వచ్చారు’ అనడానికి ఎంత తేడా ఉందో ప్రతి తెలుగువాడికీ తెలుసు. మొదటిది వచ్చినవారిని గురించిన మాట. రెండవది రానివారిని గురించిన మాట. ‘కొన్ని పడవలు వేటకు వెళ్లాయి’, ‘కొన్ని పడవలే వేటకు వెళ్లాయి’ అన్నప్పుడూ అంతే. ‘కొద్దిగా డబ్బు ఉంది’, ‘కొద్దిగానే డబ్బు ఉంది’ అన్నప్పుడూ అంతే.

తెలుగులో ఈ పనిని మాట చివర చేరే ‘ఏ’ కారం చేస్తుంది. ఇంగ్లిష్‌లో మాట ముందు చేరే ‘ఎ’ చేస్తుంది. అయితే రెండూ ఒకదానికొకటి ఎదురుగా పనిచేయడం గమనించదగిన విషయం. ఇంగ్లిష్‌లో ‘ఎ’ చేరితే ‘ఉంది’ అనే భావం వస్తుంది. తెలుగులో ‘ఏ’ చేరితే ‘లేదు’ అనే భావం వస్తుంది. దీనిని ఇలా గుర్తుంచుకోవచ్చు.

- ఎ ఫ్యూ - కొన్ని, కొందరు
- ఫ్యూ - కొన్నే, కొందరే
- ఎ లిటిల్ - కొంత, కొద్దిగా
- లిటిల్ - కొంతే, కొద్దిగానే

వాక్యాన్ని ముందుగా తెలుగులో అనుకొని, అందులో ‘ఏ’ కారం ఉందో లేదో చూసుకుంటే చాలు. తెలుగులో ‘ఏ’ ఉంటే ఇంగ్లిష్‌లో ‘ఎ’ ఉండదు. తెలుగులో ‘ఏ’ లేకపోతే ఇంగ్లిష్‌లో ‘ఎ’ ఉంటుంది. విద్యార్థులు ఈ ఒక్క సూత్రాన్ని పట్టుకుంటే ఇటువంటి ప్రశ్నలలో చాలా వాటికి సమాధానం దొరుకుతుంది.

తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజుల పాటు మర పడవల వేటకు నిషేధం ఉంటుంది. ఇంజను లేని సంప్రదాయ పడవలకు మినహాయింపు ఉంటుంది. ఆ రోజుల్లో మైపాడు తీరాన్ని గురించి రాయాలంటే, సముద్రం ఖాళీగా ఉన్నదని చెప్పదలిస్తే ‘ఫ్యూ బోట్స్ గో టు సీ’ అని, నిషేధంలోనూ కొందరికి ఉపాధి దొరుకుతున్నదని చెప్పదలిస్తే ‘ఎ ఫ్యూ బోట్స్ గో టు సీ’ అని రాయాలి. రెండు వాక్యాలూ నిజమే. ఏది చెప్పదలిచారన్నదే ప్రశ్న.

‘ఎన్ని’ అడగాలా, ‘ఎంత’ అడగాలా?

లెక్కించే వాటిని తెలుగులో ‘ఎన్ని’ అని, కొలిచే వాటిని ‘ఎంత’ అని అడుగుతాము. ‘ఎన్ని ఎకరాలు?’, ‘ఎంత పొలం?’ అంటాము. ఇంగ్లిష్‌లో ‘హౌ మెనీ’, ‘హౌ మచ్’ అనేవి ఈ రెంటికీ సమానం. ‘ఎన్ని’కి జవాబుగా వచ్చేది ‘ఫ్యూ’ జంట. ‘ఎంత’కు జవాబుగా వచ్చేది ‘లిటిల్’ జంట. ఇంతవరకు రెండు భాషలూ కలిసే నడుస్తాయి.

చిక్కు ఎక్కడ వస్తుందంటే, తెలుగులో కొన్ని ద్రవ్యాల పేర్లు బహువచనంలోనే ఉంటాయి. నీళ్లు, పాలు, వడ్లు, కందులు, పెసలు, డబ్బులు.. ఇవన్నీ బహువచన రూపాలే. ‘నీళ్లు వచ్చాయి’ అంటాము కాని ‘నీళ్లు వచ్చింది’ అనము. ‘పాలు విరిగాయి’ అంటాము. ‘కాసిన్ని మంచినీళ్లు ఇవ్వండి’, ‘కాసిన్ని పాలు పోయండి’ అని అడుగుతాము. ఈ అలవాటుతోనే విద్యార్థి ‘ఎ ఫ్యూ వాటర్’, ‘ఎ ఫ్యూ మిల్క్’ అని రాసేస్తాడు. ఇంగ్లిష్‌లో వాటర్, మిల్క్, ప్యాడీ, రైస్, మనీ అనేవి లెక్కించేవి కావు, కొలిచేవి. కనుక ‘ఎ లిటిల్ వాటర్’, ‘ఎ లిటిల్ మిల్క్’, ‘ఎ లిటిల్ మనీ’ అనాలి.

వీటినే పాత్రలతోనో కొలతలతోనో చెబితే లెక్కించేవిగా మారిపోతాయి. ‘ఎ ఫ్యూ గ్లాసెస్ ఆఫ్ వాటర్’, ‘ఎ ఫ్యూ బ్యాగ్స్ ఆఫ్ ప్యాడీ’, ‘ఎ ఫ్యూ రుపీస్’ అనవచ్చు. అక్కడ లెక్కిస్తున్నది గ్లాసులను, బస్తాలను, రూపాయలను గాని నీటిని, ధాన్యాన్ని, డబ్బును కాదు.

దీనికి ఎదురుగా మరో చిక్కు ఉంది. తెలుగులో లెక్కపెట్టే వాటిని కొన్నింటిని ఇంగ్లిష్ లెక్కపెట్టదు. మనం ‘రెండు సలహాలు’, ‘మూడు వార్తలు’, ‘నాలుగు సామాన్లు’, ‘కొన్ని వివరాలు’ అంటాము. ఇంగ్లిష్‌లో అడ్వైస్, న్యూస్, లగేజ్, ఫర్నిచర్, ఇన్ఫర్మేషన్, ఎక్విప్‌మెంట్ అనేవి లెక్కకు రావు. ‘ఎ ఫ్యూ ఇన్ఫర్మేషన్స్’, ‘ఎ ఫ్యూ అడ్వైసెస్’ అనడం తప్పు. ‘ఎ లిటిల్ ఇన్ఫర్మేషన్’ అనాలి. లేదా ‘ఎ ఫ్యూ పీసెస్ ఆఫ్ అడ్వైస్’ అనాలి. దరఖాస్తులలో, ఉద్యోగ లేఖలలో తరచూ దొర్లే తప్పు ఇదే.

వాతావరణ శాఖ లెక్క వేరు

మామూలు ఇంగ్లిష్‌లో ‘ఎ ఫ్యూ’ అంటే ఇన్ని అని నిర్దిష్టమైన సంఖ్య లేదు. మూడు కావచ్చు, ఏడు కావచ్చు. సందర్భాన్ని బట్టి గ్రహించాలి. వాతావరణ శాఖకు మాత్రం అటువంటి వెసులుబాటు లేదు. 1875లో ఏర్పాటైన భారత వాతావరణ విభాగం తన ప్రకటనలలో వాడే పరిమాణ పదాలకు శాతాలను నిర్ణయించుకొంది. వర్షపాతం నమోదు చేసే కేంద్రాలలో ఎన్ని కేంద్రాలలో వాన పడుతుందన్నదే దీనికి ఆధారం. ఒక కేంద్రంలో 2.5 మిల్లీమీటర్లు లేక అంతకు మించి నమోదైతేనే అక్కడ వాన పడినట్టు లెక్కిస్తారు. ఆ విభజన ఇలా ఉంటుంది.

- ‘ఐసొలేటెడ్ ప్లేసెస్’, అంటే ఒకటి రెండు చోట్ల - 25 శాతం వరకు కేంద్రాలలో
- ‘ఎ ఫ్యూ ప్లేసెస్’, అంటే కొన్ని చోట్ల - 26 నుంచి 50 శాతం కేంద్రాలలో
- ‘మెనీ ప్లేసెస్’, అంటే చాలా చోట్ల - 51 నుంచి 75 శాతం కేంద్రాలలో
- ‘మోస్ట్ ప్లేసెస్’, అంటే దాదాపు అన్ని చోట్ల - 76 నుంచి 100 శాతం కేంద్రాలలో

కనుక ‘కొన్ని చోట్ల’ అన్న మాటను వినగానే ఎక్కడో రెండు ఊళ్లలో చినుకులు పడతాయని అనుకోరాదు. నాలుగింట ఒక వంతుకు మించి, సగం వరకు కేంద్రాలలో వాన పడుతుందని దాని అర్థం. ‘ఎ’ లేకుండా ‘ఫ్యూ ప్లేసెస్’ అనే మాటకు ఈ పట్టికలో స్థానమే లేదు. తిరగరాసేటప్పుడో, సెల్‌ఫోన్‌లో సందేశంగా పంపేటప్పుడో ఎవరైనా ఆ ‘ఎ’ను వదిలేస్తే, సగం జిల్లాకు పడవలసిన వాన చదివేవారి మనసులో ‘పడదులే’గా మారిపోయే ప్రమాదం ఉంది.

మరో సంగతి కూడా గమనించాలి. ఈ శాతాలు ఒక గ్రామానికో, ఒక మండలానికో సంబంధించినవి కావు. అమరావతి వాతావరణ కేంద్రం తన ప్రకటనలలో రాష్ట్రాన్ని ఉత్తర కోస్తా, దక్షిణ కోస్తా, రాయలసీమలుగా విభజించి చెబుతుంది. నెల్లూరు జిల్లా దక్షిణ కోస్తాలోకి వస్తుంది. ‘దక్షిణ కోస్తాలో కొన్ని చోట్ల’ అంటే ఆ విస్తీర్ణం మొత్తం మీద పావు నుంచి సగం కేంద్రాలలో అని అర్థం. ఆ సగంలో ఇందుకూరుపేట ఉండవచ్చు, ఉండకపోవచ్చు. ఉండదని మాత్రం ఆ ప్రకటన చెప్పడం లేదు.

ఎన్ని చోట్ల? ఎంత వాన?

తీర ప్రాంత పాఠకులు తప్పనిసరిగా తెలుసుకోవలసిన విషయం ఇక్కడే ఉంది. వాతావరణ ప్రకటనలో రెండు పరిమాణ పదాలు ఉంటాయి. ఒకటి ‘ఎన్ని చోట్ల’ అనే ప్రశ్నకు జవాబు. మరొకటి ‘ఎంత వాన’ అనే ప్రశ్నకు జవాబు. ఈ రెండింటికీ పరస్పర సంబంధం లేదు. చోట్లు తక్కువైనంత మాత్రాన వాన తక్కువ కాదు.

24 గంటల్లో కురిసే వానను బట్టి వాతావరణ విభాగం పాటించే వర్గీకరణ ఇది.

- తేలికపాటి వర్షం - 2.5 నుంచి 15.5 మిల్లీమీటర్లు
- మోస్తరు వర్షం - 15.6 నుంచి 64.4 మిల్లీమీటర్లు
- భారీ వర్షం - 64.5 నుంచి 115.5 మిల్లీమీటర్లు
- అతి భారీ వర్షం - 115.6 నుంచి 204.4 మిల్లీమీటర్లు
- అత్యంత భారీ వర్షం - 204.4 మిల్లీమీటర్లకు మించి

ఈ 24 గంటలను ఉదయం 8.30 నుంచి మరునాడు ఉదయం 8.30 వరకు లెక్కిస్తారు.

‘ఒకటి రెండు చోట్ల అతి భారీ వర్షాలు’ అన్న ప్రకటనను చాలామంది ‘ఒకటి రెండు చోట్లేగా’ అని తేలికగా తీసుకుంటారు. అందులో ‘ఒకటి రెండు’ అనేది చోట్ల సంఖ్య. ‘అతి భారీ’ అనేది వాన పరిమాణం. ఆ ఒకటి రెండు చోట్లలో తమ ఊరు ఉంటే ఏమవుతుందో లెక్క వేసుకుంటే తీవ్రత అర్థమవుతుంది. ఎకరం అంటే సుమారు 4,047 చదరపు మీటర్లు. ఒక ఎకరం మీద ఒక మిల్లీమీటరు వాన పడితే సుమారు 4,047 లీటర్ల నీరు చేరుతుంది. 2.5 మిల్లీమీటర్ల వానకు ఎకరంలో చేరేది సుమారు 10 వేల లీటర్లు. భారీ వర్షానికి కనీస హద్దయిన 64.5 మిల్లీమీటర్లకు సుమారు 2.61 లక్షల లీటర్లు. 204.4 మిల్లీమీటర్లకు సుమారు 8.27 లక్షల లీటర్లు. తేలికపాటి వానకూ, చివర చెప్పిన వానకూ మధ్య తేడా 80 రెట్లకు పైనే.

అప్పుడే పోసిన నారుమడికి మొదటిది మేలు చేస్తుంది. చివరిది మడినే ముంచివేస్తుంది. రొయ్యల చెరువులోనైతే వాన నీరు ఒక్కసారిగా చేరడం వల్ల ఉప్పుదనం పడిపోతుంది. తేలికైన వాన నీరు పైపొరగా నిలిచిపోతుంది. అడుగున ఆక్సిజన్ తగ్గి రొయ్య మేత తినడం మానుతుంది. ఇటువంటి సమయంలో మేత తగ్గించి, ఏరియేటర్లు తిప్పి, పైనీటిని బయటకు వదలడం రైతులు పాటించే జాగ్రత్త. చెప్పిన మాటలో ‘ఎంత’ అన్నది గ్రహించకుండా ‘ఎన్ని’ ఒక్కటే చూస్తే ఈ జాగ్రత్తలకు సమయం మిగలదు.

ఈ తీరానికి తుపానులు కొత్త కాదు. 1989 నవంబరులో కావలి వద్ద తీరం దాటిన తుపాను, 2021 నవంబరులో పెన్నానదికి వచ్చిన వరద, 2023 డిసెంబరు 5న బాపట్ల సమీపంలో తీరం దాటిన మిచాంగ్ తుపాను ప్రభావంతో జిల్లాలో కురిసిన వానలు ఇక్కడివారి జ్ఞాపకంలో ఉన్నవే. హెచ్చరికలు సమయానికి అందడం ఎంత అవసరమో, అందిన హెచ్చరికలోని మాటలు సరిగా అర్థం కావడం అంతే అవసరం.

రొయ్యల కౌంటులో ‘ఫ్యూయర్’, ‘లెస్’

‘ఫ్యూ’ నుంచి వచ్చిన ‘ఫ్యూయర్’, ‘లిటిల్’ నుంచి వచ్చిన ‘లెస్’ కూడా విద్యార్థులను తికమకపెడతాయి. లెక్కించేవి తగ్గితే ‘ఫ్యూయర్’. కొలిచేవి తగ్గితే ‘లెస్’. ఈ తేడాను ఇందుకూరుపేట ప్రాంతంలో రొయ్యల కౌంటును మించి చక్కగా చెప్పగల ఉదాహరణ మరొకటి లేదు.

కౌంటు అంటే కిలోకు తూగే రొయ్యల సంఖ్య. 100 కౌంటు అంటే కిలోకు 100 రొయ్యలు. ఒక్కొక్కటి 10 గ్రాములు. 50 కౌంటు అంటే కిలోకు 50 రొయ్యలు. ఒక్కొక్కటి 20 గ్రాములు. 30 కౌంటు అంటే ఒక్కొక్కటి సుమారు 33 గ్రాములు. కౌంటు తగ్గేకొద్దీ రొయ్య పెద్దదవుతుంది. ధర పెరుగుతుంది.

ఒక టన్ను 100 కౌంటు సరుకులో లక్ష రొయ్యలుంటాయి. ఒక టన్ను 50 కౌంటు సరుకులో 50 వేలే ఉంటాయి. అంటే రెండవ దానిలో ‘ఫ్యూయర్ ష్రింప్స్’ ఉన్నాయి. బరువు మాత్రం ‘లెస్’ కాదు, సమానమే. చెరువులో పిల్ల కొంత చనిపోయినా మిగిలినది బాగా ఎదిగితే సంఖ్య ‘ఫ్యూయర్’ అయినా దిగుబడి ‘లెస్’ కాకపోవచ్చు. పిల్ల అంతా బతికినా ఎదగకపోతే సంఖ్య ‘ఫ్యూయర్’ కాకపోయినా దిగుబడి ‘లెస్’ అవుతుంది. కాటా దగ్గర నిలబడిన ప్రతి రైతుకూ తెలిసిన ఈ లెక్కే వ్యాకరణ పుస్తకంలోని నియమం.

మేత విషయంలోనూ అంతే. ‘గివ్ ఎ లిటిల్ ఫీడ్’ అంటే కొద్దిగా మేత వేయమని అర్థం. ‘గివ్ లిటిల్ ఫీడ్’ అంటే మేత దాదాపు ఆపివేయమని అర్థం. ‘గివ్ లెస్ ఫీడ్’ అంటే ఇప్పుడు వేస్తున్నదానికన్న తగ్గించమని అర్థం. మూడూ మూడు వేర్వేరు సూచనలు.

అయితే ‘లెస్’కు కొన్ని మినహాయింపులున్నాయి. దూరం, కాలం, ధనం, బరువు అంకెలతో చెప్పినా వాటిని ఒక మొత్తంగానే భావిస్తారు. అందువల్ల ‘లెస్ దాన్ 25 కిలోమీటర్స్’, ‘లెస్ దాన్ 500 రుపీస్’, ‘లెస్ దాన్ టూ అవర్స్’ అనడమే సరైనది. ఇక్కడ ‘ఫ్యూయర్’ అనరాదు.

మాట పుట్టుక

‘ఫ్యూ’ అనేది ప్రాచీన ఇంగ్లిష్ నుంచి వచ్చిన మాట. లాటిన్‌లో ‘కొద్ది’ అనే అర్థమున్న ‘పౌకుస్’కు ఇది జ్ఞాతి పదమని భాషావేత్తలు చెబుతారు. ‘ఫ్యూయర్’, ‘లెస్’ మధ్య నేడు కఠినంగా పాటించే నియమం మాత్రం అంత పాతది కాదు. 9వ శతాబ్దంలో ఆల్ఫ్రెడ్ రాజు కాలం నాటి రచనల్లోనే లెక్కించే వాటికి ‘లెస్’ వాడిన దాఖలాలున్నాయి. 1770లో రాబర్ట్ బేకర్ అనే రచయిత లెక్కించే వాటికి ‘ఫ్యూయర్’ అనడం మేలని తన అభిప్రాయంగా రాశారు. తరువాతి వ్యాకరణవేత్తలు దానిని నియమంగా మార్చారు.

నేటికీ ఇంగ్లండులో ఈ వివాదం తీరలేదు. అక్కడి టెస్కో దుకాణాలలో తక్కువ సరుకులు కొన్నవారి వరుస వద్ద ‘10 ఐటమ్స్ ఆర్ లెస్’ అని ఉండే బోర్డులపై విమర్శలు రావడంతో 2008లో ఆ సంస్థ ‘అప్ టు 10 ఐటమ్స్’ అనే మాటను ఎంచుకొంది. అంటే గొడవలేని మూడవ దారి పట్టింది. సొంత భాషవారికే తడబాటు తప్పనప్పుడు మన విద్యార్థులు చిన్నబుచ్చుకోవలసిన పని లేదు.

‘ఎ’కు బదులు ‘ద’ చేరితే మరో అర్థం వస్తుంది. ‘ద ఫ్యూ’ అంటే ‘ఉన్న ఆ కొద్దిమంది’ అని. రెండవ ప్రపంచ యుద్ధంలో 1940లో బ్రిటన్ గగనతలాన్ని కాపాడిన విమాన చోదకులకు, నాటి ప్రధాని చర్చిల్ ప్రసంగం తరువాత ‘ద ఫ్యూ’ అనే పేరు స్థిరపడిపోయింది. ‘ద లిటిల్ మనీ ఐ హాడ్’ అంటే ‘నా దగ్గరున్న ఆ కాస్త డబ్బు’ అని అర్థం. ఆ కాస్తా ఖర్చయిందనో, పోయిందనో తరువాతి మాట వస్తుంది.

పరీక్షల్లో తికమకపెట్టే రూపాలు

కొన్ని పదబంధాలు పై సూత్రానికి లొంగనట్టు కనిపిస్తాయి. వాటిని విడిగా గుర్తుంచుకోవాలి.

- ‘క్వైట్ ఎ ఫ్యూ’ అంటే కొన్ని కాదు, చాలానే అని అర్థం. ‘క్వైట్ ఎ ఫ్యూ పీపుల్ కేమ్’ అంటే బాగానే జనం వచ్చారని.
- ‘నాట్ ఎ ఫ్యూ’ అన్నా ‘తక్కువేమీ కాదు, ఎక్కువే’ అని అర్థం.
- ‘ఓన్లీ ఎ ఫ్యూ’ అంటే ‘కొన్ని మాత్రమే’ అని. ‘ఎ’ ఉన్నప్పటికీ ‘ఓన్లీ’ చేరడం వల్ల లేమి భావం వస్తుంది.
- ‘వెరీ ఫ్యూ’, ‘టూ ఫ్యూ’, ‘సో ఫ్యూ’ అన్నప్పుడు ‘ఎ’ రాదు. ‘వెరీ ఎ ఫ్యూ’ అనడం తప్పు.
- ‘ఎ ఫ్యూ’ తరువాత వచ్చే నామవాచకం బహువచనంలో ఉండాలి. ‘ఎ ఫ్యూ డే’ తప్పు, ‘ఎ ఫ్యూ డేస్’ ఒప్పు.
- ‘ఎ లిటిల్ బాయ్’ అన్నప్పుడు ‘లిటిల్’ పరిమాణ పదం కాదు. అక్కడ ‘చిన్న’ అని అర్థం.

ఖాళీల పూరింపులో జవాబు తెలుసుకోవడానికి వాక్యంలోని మిగతా సగాన్ని చూడాలి. ‘పళ్లిపాడు ఆశ్రమాన్ని చూడటానికి - - - విజిటర్స్ కేమ్, సో వియ్ క్లోజ్డ్ ఎర్లీ’ అని ఉంటే, త్వరగా మూసివేశారు కనుక సందర్శకులు దాదాపు రాలేదని తెలుస్తుంది. అక్కడ ‘ఫ్యూ’ రావాలి. ‘సో వియ్ కెప్ట్ ఇట్ ఓపెన్’ అని ఉంటే ‘ఎ ఫ్యూ’ రావాలి. ‘బట్’, ‘సో’, ‘అన్‌ఫార్చునేట్లీ’ వంటి మాటలే ఆధారాలు.

నివేదికలో ఒక అక్షరం

వరద తరువాత గ్రామాల నుంచి పై అధికారులకు వెళ్లే నివేదికలు పలు సందర్భాల్లో ఇంగ్లిష్‌లోనే ఉంటాయి. ఒక కాలనీ గురించి ‘ఎ ఫ్యూ హౌసెస్ హావ్ డ్రింకింగ్ వాటర్’ అని రాశారనుకుందాం. చదివిన అధికారికి కొన్ని ఇళ్లకైనా మంచినీరు అందుతున్నదని తోస్తుంది. ట్యాంకరు మరో ఊరికి ముందుగా వెళ్లవచ్చు. అదే ‘ఫ్యూ హౌసెస్ హావ్ డ్రింకింగ్ వాటర్’ అని రాస్తే ఎక్కువ ఇళ్లకు నీరు లేదని అర్థమవుతుంది. ట్యాంకరు ముందు ఇక్కడికే రావచ్చు. రెండు వాక్యాల వెనుక ఉన్న ఇళ్లు అవే. అక్షరం మాత్రమే వేరు.

నష్టం విషయంలో ఇది మరో రకంగా పనిచేస్తుంది. ‘ఫ్యూ హౌసెస్ వర్ డామేజ్డ్’ అంటే నష్టం నామమాత్రమని. ‘ఎ ఫ్యూ హౌసెస్ వర్ డామేజ్డ్’ అంటే కొన్ని ఇళ్లు దెబ్బతిన్నాయని. మొదటి వాక్యం చదివినవారు ఆ పేజీని తిప్పేస్తారు. రెండవ వాక్యం చదివినవారు ‘ఎన్ని?’ అని అడుగుతారు. అందువల్ల నివేదికలు, అర్జీలు రాసేవారికి మేలైన మార్గం ఒకటే. వీలైనంత వరకు ఈ మాటలను వదిలి అంకె వేయాలి. ‘12 ఇళ్లు దెబ్బతిన్నాయి’ అన్న వాక్యంలో ‘ఎ’ ఉన్నా లేకపోయినా తేడా రాదు. అంకె తెలియనప్పుడే ‘ఎ ఫ్యూ’ను ఆశ్రయించాలి.

గుర్తుంచుకోవలసినవి

- తెలుగులో ‘కొన్ని’ అయితే ‘ఎ ఫ్యూ’. ‘కొన్నే’ అయితే ‘ఫ్యూ’.
- ‘ఎన్ని’ అని అడిగే వాటికి ఫ్యూ, ఫ్యూయర్. ‘ఎంత’ అని అడిగే వాటికి లిటిల్, లెస్.
- నీళ్లు, పాలు, వడ్లు, డబ్బులు తెలుగులో బహువచనాలైనా ఇంగ్లిష్‌లో ‘లిటిల్’ కిందికే వస్తాయి.
- వాతావరణ ప్రకటనలో ‘కొన్ని చోట్ల’ అంటే 26 నుంచి 50 శాతం కేంద్రాలలో అని అర్థం.
- ‘ఎన్ని చోట్ల’ అన్నది వేరు, ‘ఎంత వాన’ అన్నది వేరు. రెండూ చదివిన తరువాతే జాగ్రత్తలు నిర్ణయించుకోవాలి.
- నివేదికలో అంకె తెలిస్తే అంకే రాయాలి.

ఈశాన్య రుతుపవనాల మూడు నెలలలో వాతావరణ ప్రకటనలు రోజూ వెలువడుతూనే ఉంటాయి. ‘ఒకటి రెండు చోట్ల’ అన్న మాట కనిపించినప్పుడు ఆ ఒకటి తమ ఊరే కావచ్చునన్న ఆలోచనతో తరువాతి మాట కూడా చదవడం తీర ప్రాంత ప్రజలకు శ్రేయస్కరం.